ఇంటి ఉప్పు

నెత్తురు మరక మీద వేడినీళ్లు పోయకూడదు. పోస్తే అది గుడ్డని పెళ్లాడుతుంది. ఇక ఉతికి ఉతికి చేతులరిగినా విడాకులుండవు. ఆ పెద్దాసుపత్రిలో పాతికమంది డాక్టర్లున్నారు గానీ, ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు దుప్పట్లమ్మ, రెండోది ఆమె కోడలు.

సోమవారం పొద్దున్నే కాన్పుల వార్డు నుంచి రెండు మూటలు దిగాయి. దుప్పట్లమ్మ మూట విప్పి, ఒక్కో దుప్పటినీ వెలుతురుకి ఎత్తి చూసి, మరకలున్నవి ఒక పక్కకీ లేనివి ఒక పక్కకీ వేసింది. లేనివి నాలుగే. మరకలవాటిని చన్నీళ్ల తొట్టిలో ముంచి, నడుముకి దోపుకున్న గుడ్డసంచీ తీసి, గుప్పెడు రాళ్లుప్పు తొట్టిలో చల్లింది.

"అంతేనా? కోళ్లకి నూకలు వేసినట్టు వేశావేం అత్తా?" అంది కోడలు.

"ఇంట్లో నిండుకుంది. సాయంత్రం కొనాలి."

ఉప్పు ఇంటి నుంచే తెస్తుంది. సబ్బు ఆసుపత్రి ఇస్తుంది, బ్లీచింగు పొడి ఇస్తుంది, ఉప్పు మాత్రం ఇవ్వదు. ఒకసారి అడిగితే స్టోరు చూసే తాళాలబాబు పకపకా నవ్వి, "ఉప్పు వంటింటి సరుకమ్మా, ఉతుకుడు పద్దులో రాదు" అన్నాడు. మళ్లీ అడగలేదు. సబ్బు బస్తాలే నాలుగింటికి వేలిముద్ర వేయించుకుని రెండు చేతిలో పెడతాడు, ఉప్పు అడిగితే ఎన్నింటికి వేయించుకుంటాడో అనుకుంది.

గది చివర నీలం పట్టా కప్పుకుని మెషిను ఉంది. బట్టలుతికే మెషినే. కానీ ఇళ్లలో ఉండేలాంటిది కాదు, రొమ్మెత్తున, రెండు మంచాల వెడల్పున, ఏనుగు మోకరిల్లినట్టుంటుంది. వచ్చి మూడేళ్లయింది. తలుపులో పట్టకపోతే గోడ పగలగొట్టి తెచ్చి, మళ్లీ గోడ కట్టేశారు. దానికి నీళ్లిచ్చే గొట్టం వెనక గోడలోంచి జానెడు బయటికొచ్చి అక్కడితో ఆగిపోయింది. మిగతాది రేపు బిగిస్తామన్నవాళ్లు మళ్లీ కనపడలేదు. ఆ మొండి గొట్టానికి అత్తాకోడళ్లు అన్నం సంచులు తగిలిస్తారు. మెషిను నెత్తిమీద ఆరిన దుప్పట్లు మడతపెడతారు. "ముప్పై లక్షల బల్ల" అంటుంది కోడలు.

దుప్పట్లమ్మ అలా అనదు. అది వచ్చిన రోజున అందరికన్నా సంబరపడింది ఆవిడే. అప్పటికే కుడి భుజం పైకి లేచేది కాదు. ఈరోజు కాకపోతే రేపు తిరుగుతుందని వారం వారం పట్టా తీసి తడిగుడ్డతో తుడిచేది. ఇప్పటికీ తుడుస్తుంది.

తొట్టిలో నీళ్లు గులాబీ రంగుకి తిరిగే వేళకి తాళాలగుత్తి చప్పుడు వినపడింది. మనిషి కన్నా ముందు చప్పుడొస్తుంది ఆయనకి. ఎప్పుడూ గుమ్మం దాటనివాడు లోపలికొచ్చి, తడి తగలకుండా ఇటుక మీద నిలబడ్డాడు.

"దుప్పట్లమ్మా, గురువారం తనిఖీ ఆఫీసరొస్తున్నాడు. మెషిను ఎలా పనిచేస్తోందో చూస్తాడట."

"పనిచేస్తే కదా బాబూ చూడ్డానికి?"

"చేస్తోందనే రాసి పంపుతున్నాం నెలనెలా. లేకపోతే ఎందుకు కొన్నారని అడగరూ?"

"అడిగితే మంచిదే కదా."

"నీకు మంచిదే. నాకు కాదు." ఆయన తాళాలు చేతిలో ఎగరేసుకుని పట్టుకున్నాడు. "ఇంకో మాట. మెషిను ఉండగా చేత్తో ఉతికేవాళ్లెందుకని పైనుంచి కాగితం వచ్చింది. ఒకటో తారీఖు నుంచి మీ ఇద్దరూ ఉండరు."

కోడలు బండ మీద కొడుతున్న దుప్పటి గాల్లోనే ఆగింది. నీళ్లు బొట్టుబొట్టుగా ఆమె పాదాల మీద పడ్డాయి.

"మరి ఎవరు ఉతుకుతారు?" అంది దుప్పట్లమ్మ. "మెషిను తిరగదు, మేముండం. దుప్పట్లు వాటంతటవే వెళ్లి స్నానం చేసి వస్తాయా?"

"అదే చెప్తున్నా, విను. మెషిను నడపడానికి ఒక ఆపరేటరు ఉద్యోగం ఇస్తారు. మీ కోడలి పేరు రాస్తాను. చదువుకున్న పిల్ల. పేరుకి ఆపరేటరు, పని మాత్రం ఇదే." బండ వైపు చూపించాడు. "గురువారానికి నువ్వు చేయాల్సిందొక్కటే. నలభై దుప్పట్లు తెల్లగా ఉతికి, తడిమీదే మెషిను లోపల పెట్టాలి. ఆయన తలుపు తీసి చూస్తాడు. అయిపోయింది."

"ఇద్దరి పని ఒక్కతే చేస్తే రోజుకి ఎనభై దుప్పట్లు ఎక్కడ తెములుతాయి? కాన్పయినవాళ్లు దేని మీద పడుకుంటారు?"

"రోజు విడిచి రోజు మారుస్తారు. కొంప మునగదులే." వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "ఇరవై ఏళ్లుగా ప్రభుత్వం ఉప్పు తింటున్నావు. ఈ ఒక్కసారి కలిసిరా."

దుప్పట్లమ్మ ఖాళీ అయిన గుడ్డసంచీ వంక చూసింది. ఎవరి ఉప్పు ఎవరు తింటున్నారో ఈయనకి ఎవరు చెప్పాలి?

సాయంత్రం వీధి మలుపులో కొట్టు దగ్గర ఆగి ఉప్పు, సబ్బు, అగ్గిపెట్టె తీసుకుంది. కొట్టాయన కొత్తగా చీటీ కొట్టే మిషను పెట్టాడు. అది గిర్రున ఒక చీటీ కక్కింది. అడుగున ఉన్న వరస మీద వేలు పెట్టి, "ఇదేంటి, నేను తీసుకోనిదొకటి రాశావు?" అంది.

"అది పన్నమ్మా."

"నేనా కట్టేది? పన్ను మేడలున్నవాళ్లు కదా కడతారు?"

"సబ్బు కొన్నవాళ్లందరూ కడతారు. నువ్వు పుట్టినప్పటి నుంచి కడుతూనే ఉన్నావు. ఇదివరకు చీటీ లేదు కాబట్టి తెలియలేదు, అంతే."

"ఎక్కడికి పోతుంది?"

"రోడ్లకీ, బడులకీ, మీ ఆసుపత్రికీ."

దుప్పట్లమ్మ చీటీని తిప్పి చూసింది. "అంటే ఆ మెషినులో నా సబ్బు డబ్బులూ ఉన్నాయా?"

కొట్టాయన నవ్వాడు. "ఎందుకుండవు? ఒక మేకు నీదే అనుకో."

ఆయన వేళాకోళానికే అన్నాడు. ఆ మాట మాత్రం ఆమెతో పాటు ఇంటిదాకా నడిచొచ్చింది.

కొడుకు లారీ మీద పోయి నాలుగు రోజులైంది. ఇంట్లో అత్తా కోడలే. కోడలు చేతులకి నూనె రాసుకుంటోంది. బ్లీచింగుకి వేళ్ల సందులు పగిలి, పచ్చి చేప పొట్టలా ఉన్నాయి. దుప్పట్లమ్మ ఆ చేతులు తన ఒళ్లోకి లాక్కుని తనే రాయడం మొదలుపెట్టింది.

"ఒప్పేసుకుందాం అత్తా" అంది కోడలు. "నువ్వు ఇంట్లో కూర్చో. భుజం ఎత్తలేవు, రాత్రి మూలుగుతుంటే వింటూనే ఉన్నాను. ఒక్క జీతమైనా మిగులుతుంది. కాదంటే రెండూ పోతాయి."

"ఈ చేతులతో ఎనభై ఉతుకుతావా?"

"నలభై ఉతుకుతాను. మిగతావాళ్లు మాసినవాటి మీదే పడుకుంటారు. నేనేం చెయ్యను? నేను కొన్నానా ఆ మెషిను?"

"నేను కొన్నాను" అంది దుప్పట్లమ్మ. "ఒక మేకు నాది."

"పిచ్చా నీకు?"

"నీదీ ఒకటుంది. నువ్వు చెప్పులు కొనలేదూ?"

కోడలు చేతులు వెనక్కి లాక్కుంది. "మేకులు వండుకు తింటామా?" అని అటు తిరిగి పడుకుంది. కోడలి మాటలో తప్పేమీ లేదు. పొయ్యి వెలగాలి. తప్పెక్కడుందో వెతుక్కుంటూ పోతే పెద్ద పెద్ద తలుపుల దగ్గర ఆగుతుంది, ఆ తలుపుల తాళాలు వేరేవాళ్ల దగ్గరుంటాయి.

బుధవారం నలభై దుప్పట్లూ ఉతికారు. ఎన్నడూ లేనంత బాగా ఉతికారు. చన్నీళ్లలో నానబెట్టి, ఉప్పుతో రుద్ది, మరక పోయిందని నమ్మకం కుదిరాకే సబ్బు పెట్టి, బండ మీద కొట్టి, మూడు నీళ్లు జాడించి, చివరి నీళ్లలో నీలిమందు చుక్క వేసి తీశారు. తర్వాత పిండడం. పెద్ద దుప్పటి ఒక్కరివల్ల కాదు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చెరో కొస పట్టుకుని ఎవరి కుడికి వాళ్లు తిప్పుతారు. దుప్పటి మెలి తిరిగి మోకులా బిగుస్తుంది, నీళ్లు ధారగా కారతాయి. అప్పుడు కొసలు రెండూ కలిపితే జడలా దానంతటదే పెనవేసుకుంటుంది. ఆరేసే ముందు దాన్ని విప్పి, రెండుసార్లు గట్టిగా విదిలిస్తారు.

దుప్పట్లమ్మ విప్పలేదు. జడల్ని జడలుగానే తీసుకెళ్లి మెషిను పొట్టలో ఒకదాని పక్కన ఒకటి పేర్చింది.

"విదిలించవా అత్తా?"

"తడిమీదే పెట్టమన్నాడుగా. విదిలించమని చెప్పలేదు."

కోడలు ఆమె మొహంలోకి చూసింది. ఉతుకు పని తెలిసినవాళ్లెవరైనా ఆ జడల్ని చూస్తే ఇవి మనిషి చేతులు పిండినవని చటుక్కున చెప్తారు. తాళాలబాబుకి తెలియదు. సాయంత్రం వచ్చి తలుపు తీసి, తెలుపు చూసి, శభాష్ అన్నాడు. మొండి గొట్టం కనపడకుండా గోడకి ఒక తెర కట్టించాడు. కోడలికి నీలం కోటు ఒకటి ఇచ్చాడు. దాని జేబు మీద 'ఆపరేటర్' అని దారంతో కుట్టి ఉంది.

గురువారం వచ్చిన ఆఫీసరు పొట్టి మనిషి. పాపం జలుబు చేసి, మాటకోసారి చేతిరుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. చంకలో ఫైలు. మధ్యాహ్నం లోపల ఇంకా నాలుగు విభాగాలు చూడాలట. కోడలు కోటు వేసుకుని మెషిను పక్కన నిలబడింది. దుప్పట్లమ్మని తొట్టి పక్కన, నోరు మూసుకుని నిలబడమన్నారు.

"ఇప్పుడే ఒక విడత పూర్తయిందండీ" అని తాళాలబాబు మెషిను తలుపు తెరిచాడు.

ఆఫీసరు వంగి లోపలికి చూశాడు. ఒక దుప్పటి బయటికి లాగాడు. "తెల్లగా ఉంది" అన్నాడు. "మా ఇంట్లో మెషినులో ఇంత తెల్లగా రావు." తర్వాత దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇదేంటి, తాడులా ఉంది?"

దుప్పట్లమ్మ ఒక అడుగు ముందుకేసింది. చూశాడు. అడిగేశాడు.

తాళాలబాబు తడుముకోలేదు. "అదే దీని ప్రత్యేకతండీ. విదేశీ రకం. ఉతికి, పిండి, జడలా అల్లి మరీ ఇస్తుంది. చోటు కలిసొస్తుందని."

"ఓహో" అన్నాడు ఆఫీసరు. కలం తీసి, పైకే చదువుకుంటూ రాశాడు. "పిండి... కూడా... ఇచ్చును."

దుప్పట్లమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. తను రోజంతా నడుం విరగ్గొట్టుకుని తెల్లగా చేసిన గుడ్డ. తన వేళ్లు పిండిన పిండుడు. అదంతా మూడేళ్లలో ఒక్క చుట్టూ తిరగని ఇనప్పెట్టె గొప్పతనమై కాగితం ఎక్కుతోంది. ఆ కాగితం రేపు తన ఇంటికొచ్చి, నువ్వెందుకు అని అడుగుతుంది.

"బాబూ, అది తిరగదు" అంది.

 తాళాలబాబు నవ్వేశాడు. "పెద్దదైపోయిందండీ, తీసేస్తున్నారని బాధ."

ఆఫీసరు ముక్కు తుడుచుకుని విసుగ్గా అన్నాడు. "చూడమ్మా, నేను చూసింది రాస్తాను, విన్నది రాయను. ఏదైనా ఉంటే చూపించు. లేకపోతే నా టైము తినకు."

"చూపిస్తాను. ఆ దుప్పటి ఇలా ఇవ్వండి." ఆమె జడని విప్పి, ఒక కొస తను పట్టుకుని రెండోది ఆయన చేతికిచ్చింది. "గట్టిగా పట్టుకుని మీ కుడికి తిప్పండి."

ఆయన ఫైలు చంకలో బిగించుకుని, ఒంటిచేత్తో ఎడమకి తిప్పాడు. కొస జారి తడి నేలమీద పడి నీళ్లు ఆయన బూట్ల మీద చిమ్మాయి.

"చాలమ్మా!" అని తాళాలబాబు ముందుకొచ్చాడు. "సెక్యూరిటీని పిలవనా సార్?"

దుప్పట్లమ్మ ఒక కొస పట్టుకుని అలాగే నిలబడిపోయింది. రెండో కొస నేలమీద ఉంది. భుజం సలుపుతోంది. ఒక్కరివల్ల అయ్యే పని కాదది.

అప్పుడు కోడలు కదిలింది. కోటు గుండీలు ఒక్కొక్కటే తీసింది. తడి పనికి దిగేముందు పొడిగా ఉండాల్సింది రోజూ ఎక్కడ తగిలిస్తుందో అక్కడికే చెయ్యి వెళ్లింది. వెనక్కి కూడా చూడకుండా తెర పక్కకి తోసి, గోడలోంచి పొడుచుకొచ్చిన మొండి గొట్టానికి కోటు తగిలించింది. వచ్చి నేలమీది కొస అందుకుంది.

"ఊఁ, తిప్పు అత్తా."

ఇద్దరూ తిప్పారు. దుప్పటి మోకులా బిగిసింది, నీళ్లు కారాయి. కొసలు కలిపారు. జడ పడింది. దుప్పట్లమ్మ దాన్ని తీసుకెళ్లి మెషినులోని జడల పక్కన పెట్టింది. ఏది ఏదో కన్నతల్లి కూడా చెప్పలేదు.

కానీ ఆఫీసరు జడ వంక చూడటం లేదు. కోటు వంక చూస్తున్నాడు. కోటు వెనకున్న గొట్టం వంక చూస్తున్నాడు. దగ్గరికెళ్లి, వంగి, గొట్టం నోట్లో వేలు పెట్టి తీశాడు. వేలికి సాలెగూడు అంటుకుంది. మెషిను వెనక్కి తొంగిచూస్తే నీళ్లు రావలసిన చోట ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన ఎర్ర మూత ఇంకా అలాగే ఉంది.

 తాళాలగుత్తి చప్పుడు ఆగింది.

"ఈ మెషినుని దేనికి వాడుతున్నారమ్మా?" అన్నాడు ఆఫీసరు. గొంతులో జలుబు తప్ప ఇంకేం తెలియలేదు.

"మడతలు పెట్టుకోవడానికి బాబూ. బల్ల లాగ."

ఆయన 'పిండి కూడా ఇచ్చును' మీద గీత కొట్టి, కింద ఏదో రాశాడు. "ఇంత తెల్లగా ఎలా వస్తున్నాయి మరి?"

ఆమె నడుము నుంచి గుడ్డసంచీ తీసి చూపించింది. "చన్నీళ్లూ, ఉప్పూ."

"ఉప్పు స్టోరు ఇస్తుందా?"

"మా ఇంటిది."

ఆయన అదీ రాసుకున్నాడు.  బూట్లు గుమ్మం రాయికి రుద్దుకుని వెళ్లిపోయాడు. తాళాలబాబు ఆయన వెనకాలే పరిగెత్తాడు.

"అంత పని చేశావేమే?" అంది దుప్పట్లమ్మ.

"నేనేం చేశాను? అలవాటు." కోడలు మెషినులోంచి ఒక జడ తీసి విదిలించింది. అది ఫట్‌మని మోగింది. "రా, ఆరేద్దాం. వాసనొస్తాయి."

శనివారం ఇద్దరు మనుషులొచ్చి మెషిను చుట్టూ పట్టీ కట్టి, ముడి మీద లక్క ముద్ర వేసి పోయారు. విచారణ తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదట. మడత పెట్టుకోవడానికీ వీల్లేదట. అత్తాకోడళ్లని తీసేసే కాగితం కూడా విచారణ తేలేదాకా ఆపారని కాన్పుల వార్డు పెద్ద నర్సమ్మ వచ్చి చెప్పింది. ఎన్నాళ్లకి తేలుతుందంటే, "మెషినుకి మూడేళ్లు పట్టింది. విచారణకి ఆరు వేసుకో" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. ఉన్న బల్ల పోయింది. ఆ రోజు నుంచి దుప్పట్లు గాల్లో పట్టుకునే మడతపెట్టారు. గొట్టానికి నీళ్లు ఇప్పిద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు. దుప్పట్లమ్మ తుడవడానికి తడిగుడ్డ తీసుకెళ్లి, పట్టీ దగ్గర ఆగి, తన మేకు ఏదై ఉంటుందా అని కాసేపు చూసి తిరిగొచ్చింది.

మంగళవారం స్టోరు నుంచి కబురొచ్చింది. ఇద్దరూ వెళ్లారు. తాళాలబాబు అదే కుర్చీలో, అదే గుత్తితో ఉన్నాడు. మొహం మాత్రం ఆముదం తాగినట్టుంది.

"నీ పుణ్యమా అని ఉప్పు మంజూరయింది. రెండు బస్తాలు. ఇదిగో, ఇక్కడ వేలు పెట్టు."

నేలమీద ఒక్క బస్తా ఉంది. సిరాపెట్టె మూత తీసి ఉంది. దుప్పట్లమ్మ బొటనవేలు అలవాటుగా ముందుకెళ్లింది. సిరాకి వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

"రెండోది ఏది బాబూ?"

"వస్తుందమ్మా. ముందు వెయ్యి."

"వచ్చాక వేస్తాను."

"సరిపోయింది. ఇన్నేళ్లూ నోరెత్తకుండా వేశావు, ఇవాళ ఉప్పు బస్తా కోసం గొడవా?"

"ఉప్పు కోసమే బాబూ." ఆమె ఆ ఉన్న బస్తాని గుమ్మం మధ్యకి ఈడ్చుకుని దానిమీద కూర్చుంది. "పోయిన సబ్బుకి పోయిన వేలిముద్రలు ఎలాగూ తిరిగి రావు. నాకేం తొందర లేదు. దుప్పట్లు నానుతున్నాయి."

వెనక దూది కోసం వచ్చిన నర్సమ్మలు ఆగిపోయారు. మందుల బండి ఆగింది. "ఏమైంది, ఏమైంది?" అని వెనకవాళ్లు అడుగుతుంటే, "ఒక బస్తా ఇచ్చి రెండింటికి వేలు పెట్టమంటున్నారు" అని కోడలు వరండా చివరిదాకా వినపడేలా చెప్పింది. అడిగిన ప్రతివాళ్లకీ చెప్పింది. విసుక్కోకుండా చెప్పింది.

తాళాలబాబు గుత్తిలోంచి ఒక తాళంచెవి వెతకడానికి చాలాసేపు తీసుకున్నాడు. లోపలి గది తెరిచాడు. రెండో బస్తా అక్కడే, సబ్బు బస్తాల దొంతర వెనక, సుద్దతో ఎవరి పేరో రాసి ఉంది. దాన్ని ఆయనే ఈడ్చుకొచ్చి పడేశాడు. దుప్పట్లమ్మ కొంగుతో ఆ సుద్ద రాత తుడిచేసి, బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మీద నింపాదిగా నొక్కింది.

తొట్టి దగ్గరికి వచ్చి కోడలు బస్తా కుట్టు విప్పింది. ఉప్పు తెల్లగా, పొడిగా ఉంది. దుప్పట్లమ్మ దోసిలి నిండా తీసి తొట్టిలో చల్లింది, ఇంకో దోసిలి చల్లింది. చన్నీళ్లలో నెత్తురు మరక మెల్లిగా కదిలి, దారంలా విడిపోతోంది.

"నీ నడుముకున్నది కూడా వెయ్యి అత్తా, బరువెందుకు?" అంది కోడలు.

దుప్పట్లమ్మ గుడ్డసంచీని తడిమి చూసుకుని, మూతి మరింత బిగించి కట్టింది.

"ఇది మనింట్లోకి" అంది.